మన తర్వాతి వాళ్ల కోసం మనం చేయగలిగినవి: గోదావరి డెల్టా వాసుల ప్రశ్నలు, జవాబులు

ఇవి కోనసీమలోనూ, పాలకొల్లు, భీమవరం వైపూ, అటు కాకినాడ దాకానూ పెళ్లిళ్లలో, టీ కొట్ల దగ్గర, ఫోన్లలో మళ్లీ మళ్లీ వినపడే ప్రశ్నలు. రైతులవి, ఇల్లాళ్లవి, ఊరొదిలి ఉద్యోగాలకి వెళ్లినవాళ్లవి అన్నీ కలిసే ఉన్నాయి. మీకు పనికొచ్చేది చూసుకుని చదువుకోండి.

నేనొక్కణ్ణి మారితే ఏమవుతుందండీ?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఉన్నమాట చెప్పాలంటే భూమి వేడెక్కడాన్ని మీరొక్కరు ఆపలేరు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. మన ఇంట్లో మనం చేసుకునే ఏ మార్పూ అలాంటిదాన్ని ఆపదు. పెద్ద సంస్థలు, ప్రభుత్వాలు చేయాల్సినవి వాళ్లే చేయాలి. చేయమని వెంటపడడం మన పని. దాని సంగతి కిందికి వస్తుంది.

కానీ డెల్టాలో పుట్టినవాళ్లకి ఒక విషయం వేరేవాళ్లకంటే బాగా తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి పూర్తయింది. అప్పటినుంచీ అక్కడి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లోకి, వాటినుంచి పిల్లకాలువల్లోకి, పంట బోదెల్లోకి పారుతున్నాయి. ఇవాళ సుమారు పది లక్షల ఎకరాలు ఆ నీటి మీదే ఉన్నాయి. ఈ వరసలో మీ ఇల్లు ఎక్కడున్నా మీకు ఎగువన ఒక ఊరుంది, దిగువన ఇంకో ఊరుంది. మీరు పొద్దున కాలువలో వదిలింది మధ్యాహ్నానికి ఇంకొకరి రేవులో ఉంటుంది. ఒక్కడు చేసిన చెడు అంత తొందరగా చేరుతున్నప్పుడు, ఒక్కడు మానుకున్న చెడు కూడా అంతే తొందరగా తెలుస్తుంది.

కాలువ చివర, శివారు భూమి ఉన్న రైతుని అడగండి. పైవాళ్లు తూము ఎంత తెరిచారు, గట్టు ఎక్కడ కోశారు, నీళ్లలో ఏం కలిపారు అన్నదాన్నిబట్టే ఆయనకి పంట. ఇంకా పుట్టని పిల్లలు మనకి శివారు ఆయకట్టు. తేడా ఒక్కటే, శివారు రైతు సైకిలేసుకుని ఎగువకొచ్చి దెబ్బలాడైనా అడుగుతాడు. ఆ పిల్లలు రాలేరు. ఈ పేజీలో చెప్పిన పనులన్నీ ఈ ఒక్క కారణానికే.

ఒక్క మనిషి చేసింది నిలబడిన దాఖలా మన దగ్గర ఉందా?

ఉంది. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టి లంకల గన్నవరం కోడలిగా వచ్చారు. గోదావరి పాయలు దాటి అలిసిపోయి వచ్చేవాళ్లకి ఏ వేళప్పుడైనా, ఏ కులమని అడక్కుండా అన్నం పెట్టారు. 1909లో కన్నుమూసేదాకా పెడుతూనే ఉన్నారు. ఆవిడ ఏ పదవిలోనూ లేరు. గన్నవరం అక్విడెక్టుకి ఇవాళ ఆవిడ పేరే ఉంది. 2024 నుంచి ప్రభుత్వ బళ్లలో మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే పెడుతున్నారు. తన గుమ్మంలోకి వచ్చినవాళ్ల ఆకలి వరకే ఆవిడ చూసుకున్నారు. దాన్ని ఒక్క పూట కూడా వదల్లేదు, అంతే.

అసలు మన డెల్టాకి వచ్చిన ముప్పేమిటి?

డెల్టా అంటే నది తెచ్చిన ఒండ్రు. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ ఆ మట్టి జలాశయాల్లో ఆగిపోతోంది, సముద్రం దాకా వచ్చేది తగ్గింది. పాత ఒండ్రు తన బరువుకి తాను మెల్లగా అణుగుతూ ఉంటుంది, పైన కొత్త పొర పడకపోతే నేల కుంగుతుంది. మరోపక్క సముద్ర మట్టం పెరుగుతోంది. ఉప్పాడ దగ్గర కెరటాలు రోడ్డునీ ఇళ్లనీ ఎలా లాక్కుపోతున్నాయో మనం చూస్తున్నదే. అంతర్వేది వైపు కూడా సముద్రం ముందుకొస్తోంది.

రెండోది ఉప్పు. తీరం పక్క మండలాల్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. మూడోది మురుగు కదలకపోవడం. కౌశిక, యనమదుర్రు లాంటి డ్రైన్లు పూడిపోయి, గుర్రపుడెక్కతో నిండిపోతే, రెండు రోజుల వానకే చేలు మునుగుతాయి. 2011 సార్వాకి (ఖరీఫ్ వరికి) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర ఒక కారణమైతే, ముంపు ఇంకో కారణం. ఈ మూడిట్లో మన చేతులకి అందేది ఎక్కువగా మూడోది, కొంత రెండోది.

ఒకే ఒక్క పని చెప్పండి, అదే చేస్తాను.

కాలువలో ఏదీ వేయకండి.

ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేశాక ఓసారి గట్టు మీద నించుని లోపలికి చూడండి. బురద ఎండి బీటలు వేసి ఉంటుంది. షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు, సారా సీసాలు, చంటిపిల్లల డైపర్లు, థర్మాకోల్ పళ్లేలు, తెగిన చెప్పులు కనిపిస్తాయి. కిందటేడు వినాయకుడి చెయ్యి ఒకటి ఇనప చువ్వతో సహా దొరుకుతుంది. వంతెన ఖానాల దగ్గర గుర్రపుడెక్క దళసరిగా ఎండిపోయి ఉంటుంది. దాన్ని కర్రతో ఎత్తితే అడుగున పొరలు పొరలుగా క్యారీ బ్యాగులు, ఒక్కో దాంట్లో ఇంకా ముడి విప్పని చెత్త. జూన్‌లో నీళ్లు వదలగానే ఇదంతా లేచి తూము మూతికి అడ్డం పడుతుంది. కాలువ చూసుకునే లస్కరు మొలలోతు నీళ్లలో దిగి చేత్తో లాగాలి. పగిలిన సీసాలు ఉన్నాయని తెలిసీ దిగుతాడు.

ఇంకో సంగతి. కాలువలు కట్టేసే ముందు మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లకి ఎండాకాలమంతా అవే గతి. కాలువలోకి మరుగుదొడ్డి గొట్టం వదిలిన ఇల్లు తాగేనీళ్లలోకి వదిలినట్టే లెక్క. మీ ఇంటి గొట్టం ఎక్కడికి పోతోందో ముందు చూసుకోండి. కట్టించిన మేస్త్రీని అడగండి, చాలామందికి తెలియనే తెలియదు. సెప్టిక్ ట్యాంకు, దాని పక్కన ఇంకుడు గుంట ఉంటే సరి. ఏటి పక్కన నీటిమట్టం పైకి ఉన్నచోట ఇంకుడు గుంట ఎంత లోతు ఉండాలో పంచాయతీ ఇంజనీరుని అడిగి తవ్వించండి. గుర్రపుడెక్క అంతలా పెరిగేది కూడా ఈ మురుగులోని బలానికే. మురుగు ఆపకుండా డెక్క తీస్తే నెల తిరక్కుండా మళ్లీ అల్లుకుంటుంది.

ఇంట్లో తడి చెత్త పెరట్లో గోతిలోకి, పొడి చెత్త పంచాయతీ బండికి వేయండి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి. బండి రాని ఊరైతే అది అడగాల్సిన విషయం, కాలువలో పారేయడానికి కారణం కాదు.

పూజ సామాన్లు గోదాట్లో కలపకపోతే దోషం కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల భక్తిని తక్కువ చేయడం నాకిష్టం లేదు. గోదావరిని తల్లి అనుకునే ఇంట్లోనే నేనూ పెరిగాను. పువ్వులు, పత్రి నీళ్లలో కలుస్తాయి. వాటితోపాటు కవరు, గాజు పటం, జరీ బట్ట, రంగు రసాయనం ఎందుకు కలవాలి? నిర్మాల్యం పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో వేయండి, ఎవరూ తొక్కని చోటే కదా. పాత పటాల చట్రాలు విప్పి గాజు విడిగా పెట్టండి. వినాయక చవితికి మట్టి బొమ్మ తెచ్చుకుని ఇంట్లోనే బకెట్టులో నిమజ్జనం చేసి, ఆ మట్టి కుండీలో పోసుకోవచ్చు. చెరువు మట్టితో చేసిన బొమ్మకి రంగు లేకపోతే లోటేమీ లేదు. మన తాతల నాటి బొమ్మలకి రంగుల్లేవు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఎక్కడెక్కడి నుంచో చుట్టాలు మన ఇళ్లలోనే దిగుతారు. వాళ్లని రేవుకి తీసుకెళ్లేది మనమే. స్నానం చేసిన పాత బట్టలు నదిలో వదిలేయడం, దీపాలు ప్లాస్టిక్ దొన్నెల్లో పెట్టి వదలడం వద్దని మనమే చెప్పాలి. ఆకు దొన్నెలు, అరటి దొప్పలు ముందే ఇంట్లో సిద్ధం చేసి ఇస్తే చెప్పే అవసరం కూడా ఉండదు.

పెళ్లిళ్లలో ప్లాస్టిక్ లేకుండా కుదురుతుందా?

కుదురుతుంది. రావులపాలెంలో అరటికి అంత పెద్ద మార్కెట్ ఉన్న ప్రాంతం మనది, ఇక్కడ ప్లాస్టిక్ పూత వేసిన పళ్లెంలో పెళ్లి భోజనం పెట్టడం నాకు బాధగా ఉంటుంది. ఆకు మీద తింటే తర్వాత పశువు తింటుంది, లేదా గోతిలో మురిగి ఎరువవుతుంది. ఇబ్బంది వచ్చేది నీళ్ల దగ్గరే. అరలీటరు సీసాలు వేయకుండా స్టీలు గ్లాసులు, క్యాన్లు పెట్టి, వడ్డించడానికీ కడగడానికీ ఇద్దరు మనుషుల్ని అదనంగా పెట్టుకోవాలి. ఆ కూలి సీసాల ఖర్చులోంచి వచ్చేస్తుంది. మాట్లాడాల్సింది క్యాటరింగ్ వాళ్లతో. అడ్వాన్సు ఇచ్చేటప్పుడే చెప్పాలి, ముందురోజు చెబితే వాళ్లు ఏం చేస్తారు?

చట్టం కూడా మనవైపే ఉంది. ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, స్పూన్లు, స్ట్రాలు, అలంకరణ థర్మాకోల్, శుభలేఖల మీద చుట్టే పల్చటి పొర ఇవన్నీ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. 120 మైక్రాన్ల కంటే పల్చని క్యారీ బ్యాగులు అదే ఏడాది డిసెంబరు 31 నుంచి నిషేధం. కొట్టువాళ్లతో గొడవపడక్కర్లేదు, సంచీ తీసుకెళ్తే చాలు.

పుట్టినరోజు ఫ్లెక్సీలు తగ్గించమని కుర్రాళ్లని బతిమాలుతున్నాను. ఆ డబ్బుతో ఊరి బడికి ఏదైనా కొనండి.

చెత్త తగలబెట్టేస్తే పోతుందిగా?

పోదు. ప్లాస్టిక్ కాలిన పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి. అవి గడ్డి మీద వాలి, పశువు కొవ్వులోకి, పాలల్లోకి వచ్చి మన ఇంటికే చేరతాయి. భోగి మంట మాత్రం మానక్కర్లేదు. కొబ్బరి మట్టలు, తాటాకులు, పిడకలు, ఎండు పుల్లలు వేయండి. టైర్లు, పాత ప్లాస్టిక్ కుర్చీలు వేయొద్దు. తెల్లారగట్ల ఆ పొగ పీల్చేది మంట దగ్గర చలి కాగే పసిపిల్లలే.

నాకు చేలున్నాయి. ఏం చేయాలి?

ఇక్కడ చేయగలిగింది చాలా ఉంది.

గడ్డితో మొదలుపెడదాం. మిషను కోత వచ్చాక గడ్డి చేలో చెల్లాచెదురుగా పడుతోంది, దాళ్వా (రెండో పంట) తొందరలో అగ్గిపుల్ల గీసేస్తున్నారు. గడ్డిలో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. పైపొరలో వానపాములు, సూక్ష్మజీవులు చస్తాయి. తర్వాత అదే నత్రజనిని యూరియా బస్తాగా కొంటాం. చుట్టే యంత్రంతో గడ్డి మోపులు కట్టించి పశువులున్నవాళ్లకి ఇవ్వండి, లేదా దమ్ములో కలియదున్నండి. గడ్డిమేటు వేసే ఓపిక ఉన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకి మెచ్చుకోలు దక్కాలి.

పచ్చిరొట్ట వేయండి. జీలుగ, జనుము, పిల్లిపెసర. చౌడు తగిలిన నేలకి జీలుగ బాగా పనిచేస్తుంది. పూత దశలో దున్నేయాలి, ముదిరితే కాండం గట్టిపడి మురగదు. సార్వా కోతకి ముందే మాగాణిలో చల్లే మినుము, పెసర నేలకి బలం ఇస్తాయి, ఇంటికి పప్పు ఇస్తాయి. రెండు వరి పంటల మధ్య ఆ కాస్త విరామం నేలకి కావాలి. ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే మడిలో మీథేన్ పుడుతుంది, భూమిని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. దాన్ని తగ్గించడానికి తడి పొడి పద్ధతి ఉంది. చిల్లులు పెట్టిన గొట్టం మడిలో పాతి, లోపలి నీటిమట్టం నేలకి ఆరంగుళాలు కిందికి దిగాకే మళ్లీ తడి ఇవ్వడం. నీళ్లు మిగులుతాయి, ఆ మిగిలినవి శివారుకి వెళ్తాయి. పూత సమయంలో మాత్రం మడి ఎండనివ్వకూడదు. ఒక జాగ్రత్త కూడా ఉంది. సముద్రం పక్క చౌడు నేలల్లో మడి ఆరితే అడుగు ఉప్పు పైకి వస్తుంది. అక్కడ ఈ పద్ధతి వద్దు.

మీ చేను పక్క మురుగు బోదెని మీరు బాగుచేసుకోండి. గట్టు చెక్కి రెండు వరసల నాట్లు ఎక్కువ వేసుకోవడం, మురుగు బోదెని పూడ్చి దారి చేసుకోవడం ఎంతమంది చేస్తున్నారో మనకి తెలుసు. వాన వచ్చినప్పుడు ఆ నీళ్లు నిలిచేది పైవాడి చేలో.

పొలం కౌలుకిచ్చి హైదరాబాద్‌లో ఉంటున్నాం. మాకేం పని?

మీకే ఎక్కువ పని ఉంది. డెల్టాలో చేను దున్నేవాళ్లలో చాలామంది కౌలుదారులు. ఏటేటా చేతులు మారే నేలకి ఎవరూ పచ్చిరొట్ట వేయరు, పశువుల ఎరువు తోలరు, ఎందుకంటే దాని ఫలితం రెండో ఏడుకి గానీ కనిపించదు. అప్పటికి ఆ చేను ఎవరి చేతిలో ఉంటుందో. ఒకే మనిషికి నాలుగైదేళ్లు ఇస్తానని మాటివ్వండి. 2019లో వచ్చిన సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకిచ్చే హక్కు పత్రానికి యజమాని అంగీకారం కావాలి. పదకొండు నెలల గడువు పత్రం అది, దానివల్ల భూమి మీద హక్కు మారదు. అయినా సంతకానికి భయపడతారు. ఆ సంతకం లేక పంట రుణం, నష్టపరిహారం, బీమా అన్నీ కౌలుదారుకి ఆగిపోతాయి. నన్నడిగితే ఈ పేజీలో ఉన్నవాటిల్లో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ మేలు చేసేది ఆ సంతకమే.

విదేశాల నుంచి డబ్బు పంపేవాళ్లకి ఒక మాట. ఊరి మొదట్లో స్వాగత ద్వారం ఇక చాలు. మంచినీళ్ల చెరువు చుట్టూ కంచె, వడపోత ఇసుక మార్చడం, బడిలో ఆడపిల్లలకి నీళ్లున్న మరుగుదొడ్డి ఇలాంటి వాటికి ఇవ్వండి. కట్టించడానికే కాకుండా ఏటా నడపడానికి కూడా ఇవ్వండి.

కొబ్బరి తోటలో ఏం చేయొచ్చు?

కాయ ఒలిచిన డొక్కలు తగలబెట్టకుండా, రోడ్డు పక్కన పోయకుండా తోటలోనే పాతండి. చెట్టు మొదలుకి సుమారు రెండు మీటర్ల దూరంలో చుట్టూ కందకం తీసి, డొక్కల గుంత భాగం పైకి ఉండేలా వరసలుగా పేర్చి, ఒక్కో వరస మీద మట్టి కప్పాలి. బోర్లా పేరిస్తే నీళ్లు జారిపోతాయి. వెల్లకిలా పెడితే ఒక్కో డొక్కలో వాన నీరు నిలిచి, పీచు దాన్ని పీల్చుకుని, కాలువలు కట్టేసిన రోజుల్లో వేరుకి ఇస్తుంది. ఒకసారి పాతితే ఐదారేళ్లు పనిచేస్తుంది.

సర్పిలాకార తెల్లదోమ వచ్చాక ఆకుల మీద నల్లటి మసి చూసి అందరూ కంగారుపడి పురుగుమందులు కొడుతున్నారు. ఆ దోమని తినే ఎన్‌కార్సియా లాంటి చిన్న మిత్ర కీటకాలు ఆ మందుకి ముందు చస్తాయి, దోమ మళ్లీ పెరుగుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో మిత్ర కీటకాలు, శిలీంధ్రాల గురించి చెబుతారు, అక్కడికి వెళ్లి అడగండి. ఒక్క తోటలో చేస్తే సగమే ఫలితం, పక్క తోట వాళ్లని కూడా కూడగట్టాలి.

రొయ్యల చెరువులు వేసుకున్నవాళ్లు చెడ్డవాళ్లా?

కాదు. వరిలో అప్పులే మిగిలిన ఇంటికి చెరువు చదువులిచ్చింది, ఆడపిల్ల పెళ్లి చేసింది. ఆ మాట ఒప్పుకోకుండా మాట్లాడితే ఎవరూ వినరు. అయితే చెరువు ఉప్పు గట్టు కిందనుంచి పక్క వరి చేలోకి ఊరుతుంది, రెండు మూడేళ్లకి ఆ చేను కూడా చెరువవ్వక తప్పదు. ఇలా ఊళ్లకి ఊళ్లు మారిపోయాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద గట్టి తీర్పు ఇచ్చింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకి ప్రత్యేక చట్టం వచ్చింది. చెరువు ఉన్నవాళ్లు చేయగలిగినవి ఇవి. గట్టు బయట ఊట కందకం తీసి ఉప్పునీటిని డ్రైనుకి మళ్లించడం. రొయ్యల పట్టుబడి తర్వాత నీళ్లని నేరుగా వదలకుండా కొన్నాళ్లు నిలవబెట్టి, బురద అడుగుకి దిగాక వదలడం. సాగునీటి కాలువలోకి ఏ పరిస్థితుల్లోనూ వదలకపోవడం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి నిషేధిత యాంటీబయాటిక్స్ జోలికి పోకపోవడం. ఆ మందులకి లొంగని క్రిములు తయారైతే రేపు జ్వరమొచ్చిన పిల్లకి ఇవ్వడానికి మందుండదు.

మడ అడవులు మాకు దూరం. వాటితో మాకేం సంబంధం?

1839లో వచ్చిన తుపానులో కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపాను ఇప్పుడు నలభై దాటిన ప్రతివాళ్లకీ గుర్తే. వేరుతో సహా లేచిపోయిన కొబ్బరి చెట్లు, కప్పుల్లేని ఇళ్లు, వెయ్యిమందికి పైగా ప్రాణాలు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ చెట్టు ఉంటే ఉప్పెన జోరు తగ్గుతుంది. ఆ వేళ్ల మధ్యే రొయ్య పిల్ల, పీత, చేప పిల్ల పెరుగుతాయి. బావురుపిల్లి, నీటికుక్క బతుకుతాయి. కోరింగ మడ అడవి చూడ్డానికి వెళ్తే చెక్క వంతెన మీదనుంచి చిప్స్ పొట్లం జారవిడవకుండా రండి. తీరం ఊళ్లవాళ్లయితే తెల్లమడ, నల్లమడ కొట్టి పొయ్యిలో పెట్టకుండా చూడండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక మీదికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి. సముద్రం మెరుపనుకుని రిసార్టు దీపం వైపు వెళ్లి చచ్చిపోతాయి. బీచికి వెళ్లినప్పుడు ఇసుకలో కారు నడపకండి, తీరంలో ఇల్లుంటే ఆ నెలల్లో సముద్రం వైపు దీపాలు ఆర్పండి.

చేపల సంగతి చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులు చేపలు గుడ్లు పెట్టుకునేవి. అప్పుడు చెరువు చేప తిందాం. పులస సముద్రం నుంచి వరదకి ఎదురీదుకుంటూ వచ్చేది కూడా గుడ్లు పెట్టడానికే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత మన మనవలకి కూడా పనికిరావాలంటే, సన్నకన్ను వలల్లో పడ్డ పిల్లచేపలు కొనడం మానాలి. కొనేవాడు లేకపోతే పట్టేవాడు ఉండడు.

ఏ మొక్క నాటమంటారు?

రెండో ఎండాకాలంలో కూడా మీరు నీళ్లు పోయగలిగిన మొక్క. కడియంలో దొరకని మొక్క లేదు, నాటిన ఫొటోలకీ లోటు లేదు. నేరేడు, కానుగ, రావి, చింత, తీరం వైపు పొన్న. తాటిచెట్టు కూడా నాటండి, టెంక పాతితే చాలు. ఫలం చూడ్డానికి పది పదిహేనేళ్లు పట్టొచ్చు కాబట్టి ఎవరూ నాటడం లేదు.

కరెంటు, సోలార్?

సొంత డాబా ఉంటే పెట్టించండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల వరకు రాయితీ వస్తుంది. తుపాను ప్రాంతం కాబట్టి చట్రాలు గట్టిగా బిగించారో లేదో చూసుకోండి. కొబ్బరి చెట్టు నీడ పలకల మీద పడకూడదు.

డబ్బూ తీరికా లేనివాళ్లు ఏం చేయాలి?

ఇప్పటికే చేస్తున్నారు. బట్ట చిరిగితే కుట్టుకునేది, సైకిలు మీద వెళ్లేది, ఏదీ పారేయనిది వాళ్లే. వాళ్లకి పాఠాలు చెప్పే హక్కు మిగతావాళ్లకి లేదు.

పిల్లలకి ఏం నేర్పాలి?

ముందు ఈత. గోదారి ఒడ్డున పుట్టి ఈత రాని పిల్లలు ఎక్కువైపోతున్నారు, ప్రతి సెలవుల్లోనూ ఏదో ఒక రేవులో కడుపుకోత వింటున్నాం. పెద్దవాళ్లు పక్కనుండి నేర్పించండి. నీటిలో దిగిన పిల్లకి ఆ నీరు శుభ్రంగా ఉండాలని ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత వాళ్లని ధవళేశ్వరం తీసుకెళ్లి బ్యారేజీ, కాటన్ మ్యూజియం చూపించండి. మీ ఇంటి కుళాయి నీరు ఏ కాలువది, ఆ కాలువ ఏ లాకుల దగ్గర విడిపోతుంది, మీ వీధి మురుగు ఏ డ్రైనులో పడి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో ఒక సెలవురోజు సైకిళ్ల మీద వెంటబడి వెళ్లి చూడండి. మా వీధి పిల్లలు అలా వెళ్లొచ్చాక తూము దగ్గర పొట్లం వేసిన పెద్దాయన్ని "తాతయ్యా, అది కింద ఊళ్లోకెళ్తాదండి" అని ఆపారు. ఆయన తీసి జేబులో పెట్టుకున్నారు.

అమ్మాయిల్ని పదో తరగతితో ఆపేయకుండా చదివించండి. దీని గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిందే. తెలిసీ మూడుముళ్లు వేయిస్తున్నారు.

పక్కింటివాళ్లు వినడం లేదు. ఏం చేయమంటారు?

నలుగురిలో పట్టుకుని నిలదీస్తే పట్టుదల పెరుగుతుంది. ఒంటరిగా, కూర్చోబెట్టి, "బాబాయ్, మీ గొట్టం నీళ్లు మా బావి పక్కకి వస్తున్నాయి, ఏం చేద్దాం" అని అడగండి. ఖర్చులో కొంత పంచుకుంటానంటే ఇంకా తొందరగా తెములుతుంది. అప్పటికీ కాకపోతే గ్రామసభ ఉంది. నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. డ్రైను పూడికతీతకి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు పెట్టారు అన్నది 2005 సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాల్లో ఆయకట్టు రైతులకి ఓటు ఉంది. ఆ ఎన్నికకి వెళ్లకుండా ఊరుకుని, తర్వాత కాలువ గురించి ఫిర్యాదు చేయడం సరికాదు. ఓటుకి డబ్బు తీసుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తీసుకున్న చేత్తో పూడిక గురించి అడగడం కష్టం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఇంట్లోవి ఇవాళే. కాలువ పనికి మాత్రం కాలువలు కట్టేసిన రోజులే తగినవి. మేలో ఒక ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ ముదరకముందే, మీ వంతెన నుంచి పై వంతెన దాకా పదిమంది దిగితే చాలు. గాజు ముక్కలుంటాయి కాబట్టి బూట్లు, దళసరి చేతి తొడుగులు తప్పనిసరి. పాములుంటాయి, డెక్కని ముందు కర్రతో కదిపి చూడండి. తీసినది గట్టు మీదే కుప్ప పోస్తే మొదటి వానకి మళ్లీ లోపలికే పోతుంది, అందుకని ట్రాక్టరు ముందురోజే మాట్లాడుకోండి. డెక్కని ప్లాస్టిక్ నుంచి విడదీసి గోతిలో వేస్తే సార్వా ఆకుమళ్లకి ఎరువు అందుతుంది. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి వారం ముందు చెప్పి ఉంచండి, నీళ్లు ఎప్పుడు వదులుతారో ఆయనకే తెలుస్తుంది.